ప్రయోజనాల పేజీ మూసేయండి: ఆనర్ సొసైటీలో చేరేవాళ్లకు తలకిందుల సలహాలు

అమెరికా యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలకు ఒకటి రెండు సెమిస్టర్లు గడిచాక ఒక మెయిల్ వస్తుంది. మీ మార్కులు బాగున్నాయి, మా ఆనర్ సొసైటీలో చేరే అర్హత మీకుంది, ఫలానా తేదీలోపు ఫీజు కట్టి సభ్యత్వం తీసుకోండి అని. ఆ ఫీజు చాలాచోట్ల యాభై నుంచి వంద డాలర్ల మధ్య ఉంటుంది. పిల్లలు దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటారు. చూసుకున్నాక సీనియర్ల వాట్సాప్ గ్రూపులో అడుగుతారు: "అన్నా, ఇందులో చేరితే ఏమొస్తుంది?"

జవాబులు క్షణాల్లో పడతాయి. రెజ్యూమెలో ఒక లైను వస్తుందంటాడు ఒకడు. పట్టా తీసుకునే రోజు మెడలో రంగుల తాడు వేస్తారంటుంది ఒక అమ్మాయి. కారు ఇన్సూరెన్స్‌లో డిస్కౌంట్ ఇస్తారట అంటాడు ఇంకొకడు. దండగ తమ్ముడూ, ఆ డబ్బుతో వారం సరుకులొస్తాయి, డిలీట్ కొట్టేయ్ అంటాడు అందరికంటే పెద్దవాడు.

ఈ జవాబుల్లో అబద్ధం లేదు. అసలు సంగతి మాత్రం ఒక్కదానిలోనూ లేదు. నేను చదువుకునే రోజుల్లో ఒక సొసైటీ చాప్టర్‌లో, అంటే మా కాలేజీలో ఉన్న దాని శాఖలో, పనిచేశాను, చదువు అయ్యాక కూడా పూర్వ సభ్యుడిగా దాన్ని వదలకుండా ఉన్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి నేను చెప్పే సలహాలు విని, ఇవి పిల్లల్ని చెడగొట్టే మాటలని కోప్పడిన స్నేహితులున్నారు. లోకం చెప్పేదానికి ఇవి ఎదురే. అయినా ఒక్కటీ వెనక్కి తీసుకోను.

ముందు ఆ పేజీ మూసేయండి

ప్రతి సొసైటీకీ 'సభ్యత్వ ప్రయోజనాలు' అని ఒక పేజీ ఉంటుంది. స్కాలర్‌షిప్పులు, ఉద్యోగాల బోర్డు, పత్రిక, డిస్కౌంట్లు, బ్యాడ్జీ, తాడు. అది చదవకండి. చదివితే మీరు కొనుగోలుదారుగా మారిపోతారు. కట్టిన ఫీజుకు ఎంత తిరిగొచ్చిందని లెక్క వేసుకుంటూ కూర్చుంటారు, ఆ లెక్కలో సొసైటీ ఎప్పుడూ ఓడిపోతుంది. పైగా ఆ జాబితాలోవన్నీ ఒక్క సమావేశానికీ రాని సభ్యుడికి కూడా సమానంగా అందేవే. అందరికీ అందే తాడు కోసం చేరినవాడికి దక్కేది ఆ తాడు ఒక్కటే.

దాని బదులు సొసైటీ నియమావళి చదవండి. ఏటా ఎన్ని సమావేశాలు, కొత్త సభ్యులను ఎవరు ఎన్నుకుంటారు, సేవ అని దేన్ని అంటారు, పదవులు ఎన్ని, వాటి బాధ్యతలేమిటి అని చూడండి. ప్రయోజనాల పేజీ వాళ్లు మీకు ఇచ్చేది చెబుతుంది. నియమావళి మీ నుంచి వాళ్లు కోరేది చెబుతుంది. కోరేది ఏమీ లేకపోతే ఆ సొసైటీ మీకొద్దు.

మొదటి సొసైటీ ఎలా పుట్టిందో చూస్తే నా పట్టుదల అర్థమవుతుంది. ఫై బీటా కప్పాను వర్జీనియాలో విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు 1776 డిసెంబరు 5న మొదలుపెట్టారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడి అప్పటికి ఐదు నెలలు. దేశం యుద్ధంలో ఉంది. ఆ కుర్రాళ్లు విలియమ్స్‌బర్గ్‌లో రాలే టావెర్న్ అనే సత్రంలో కలుసుకుని వాదోపవాదాలు చేసుకునేవారు, వ్యాసాలు రాసి ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. తరగతి గదిలో మాట్లాడలేని విషయాలను మాట్లాడుకోవడానికి వాళ్లకు ఒక చోటు కావాలి. అందుకే మొదట్లో అది రహస్య సంఘంగా నడిచింది. 1781లో బ్రిటిష్ సేన దగ్గరపడటంతో కాలేజీ మూతపడింది, మాతృ చాప్టర్ ఆగిపోయింది. అప్పటికే యేల్‌కు, హార్వర్డ్‌కు అనుమతి పత్రాలు పంపి ఉండటంతో సంఘం బతికింది. అలా సాగిన సంఘం సభలోనే అమెరికన్ రచయిత ఎమర్సన్ 1837లో 'ది అమెరికన్ స్కాలర్' ప్రసంగం చేశాడు. 1932 నుంచి ఆ సొసైటీ నడుపుతున్న పత్రికకు కూడా అదే పేరు.

ఈ కథలో ఎక్కడా డిస్కౌంట్ లేదు. తమ తెలివిని ఇంకొకరి ముందు పెట్టి పరీక్షించుకోవాలన్న కోరిక ఉంది. అది ఈనాటికీ ఏ చాప్టర్‌లో మిగిలి ఉంటే ఆ చాప్టర్‌లో చేరండి.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేదాన్ని ఎంచుకోండి

రెండు మూడు సొసైటీల నుంచి పిలుపు వస్తే మామూలుగా తక్కువ ఫీజున్నదో, ఎక్కువ పేరున్నదో, ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో అయిపోయేదో చూస్తారు. నేను చెప్పేది దీనికి తిరగేసి: ఏది ఎక్కువ తిప్పిస్తే అందులో చేరండి.

ఇంజనీరింగ్‌లో టౌ బీటా పై ఉంది. 1885లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే ప్రొఫెసర్ దాన్ని స్థాపించాడు. సాహిత్యం, శాస్త్రాలు చదివేవాళ్లకు ఫై బీటా కప్పా ఉంది కదా, ఇంజనీరింగ్ పిల్లలకు అలాంటి గౌరవం ఎందుకు ఉండకూడదన్నది ఆయన ఆలోచన. మూడో ఏడాదిలో తరగతిలో పైన ఉన్న ఎనిమిదో వంతు, నాలుగో ఏడాదిలో పైన ఉన్న ఐదో వంతు విద్యార్థులకు అక్కడ అర్హత. ఎమ్మెస్ విద్యార్థులనూ తీసుకుంటారు. అయితే మార్కులతో తలుపు దగ్గరకు మాత్రమే వెళ్లగలరు. రెండో షరతు వ్యక్తిత్వం. దాన్ని చూసి ఓటు వేసేది అప్పటికే సభ్యులుగా ఉన్న విద్యార్థులు.

చాలా చాప్టర్లలో కొత్తవాళ్లకు ఆ సెమిస్టరంతా పని ఉంటుంది. పాత సభ్యులను వెతికి పట్టుకుని మాట్లాడి సంతకాలు తేవాలి, సేవా కార్యక్రమాలకు వెళ్లాలి. ఆ సొసైటీ చిహ్నాన్ని 'బెంట్' అంటారు. రైలు వంతెనను మోసే కాళ్ల చట్రం ఆకారం దానిది. కొన్ని చాప్టర్లలో దాన్ని ముతక ఇత్తడి ముక్కగా చేతిలో పెడతారు. ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో రుద్ది, మెరిసేదాకా మీరే తోమాలి. మిడ్‌టర్మ్ పరీక్షల మధ్య ఇదేం పని అని మొదట చిరాకు వస్తుంది. చిరాకు పడ్డా పూర్తి చేయండి. ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఇత్తడి రుద్దుతున్నప్పుడు మాట్లాడుకునే మాటలు లింక్డిన్‌లో కలిసినవాళ్లతో పుట్టవు. కష్టపెట్టి చేర్చుకున్న చోట మనిషి నిలబడతాడు. రెండు నిమిషాల్లో చేర్చుకున్న సొసైటీ అంతకంటే త్వరగా మనల్ని మర్చిపోతుంది.

అసలుదో నకిలీదో ఇంటర్నెట్‌లో వెతకకండి

డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు నడిచి వెళ్లండి. అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఉద్యోగి ఎవరైనా ఉంటారు, వాళ్లను అడగండి: ఈ సొసైటీకి ఇక్కడ చాప్టర్ ఉందా, అడ్వైజర్‌గా ఉన్న ప్రొఫెసర్ ఎవరు, ఏ గదిలో కలుస్తారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే అది బతికి ఉన్న సొసైటీ. దొరకకపోతే, మెయిల్ ఎంత అందంగా ఉన్నా, 'మీరు నామినేట్ అయ్యారు' అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా డబ్బు కట్టకండి.

కాలేజీ ఆనర్ సొసైటీల సంఘం ఒకటి 1925 నుంచి ఉంది. సభ్య సొసైటీలకు అది కనీస ప్రమాణాలు పెడుతుంది. ఒక సబ్జెక్టుకు చెందిన సొసైటీ అయితే తరగతిలో పై 35 శాతంలో ఉన్నవాళ్లనే తీసుకోవాలి, అన్ని సబ్జెక్టులకూ చెందినదైతే పై 20 శాతంలో ఉన్నవాళ్లను. ఈ గుర్తింపు చూసుకోవడం మంచిదే. నా దృష్టిలో మాత్రం గుర్తింపు కంటే గది ముఖ్యం. గుర్తింపు ఉండి రెండేళ్లుగా ఒక్క సమావేశం జరగని చాప్టర్ల కంటే, ఏ గుర్తింపూ లేకుండా ప్రతి గురువారం పిల్లలకు లెక్కలు చెప్పే డిపార్ట్‌మెంట్ క్లబ్బు గొప్పది. రెండింట్లో ఒకటి కోరుకోమంటే క్లబ్బునే కోరుకోండి.

మనవాళ్లు లేని చోట చేరండి

ఈ మాట అన్నప్పుడే నన్ను ఎక్కువ మంది తప్పుపడతారు. పరాయి దేశంలో ఒక తెలుగు మొహం కనిపిస్తే ప్రాణం లేచొస్తుందని నాకు తెలుసు. కానీ ఎమ్మెస్‌కు వచ్చిన మన పిల్లల దినచర్య చూడండి. ఒకే అపార్ట్‌మెంట్లో నలుగురైదుగురు తెలుగువాళ్లు, అందరిదీ కంప్యూటర్ సైన్సో డేటా సైన్సో. తరగతిలో పక్క సీటులో మనవాడే, ప్రాజెక్ట్ టీములో మనవాళ్లే, శనివారం సరుకుల కోసం ఎక్కే కారూ మనవాళ్లదే. రెండేళ్లు అమెరికాలో ఉండి ఒక్క చరిత్ర విద్యార్థితోనో, నర్సింగ్ విద్యార్థితోనో పది నిమిషాలు మాట్లాడకుండా పట్టా పుచ్చుకున్నవాళ్లు ఎంతోమంది.

కంప్యూటింగ్ వాళ్లకు అప్సిలాన్ పై ఎప్సిలాన్ ఉంది, ఎలక్ట్రికల్ వాళ్లకు 1904లో ఇల్లినాయ్‌లో పుట్టి 2010లో ఐట్రిపుల్ఈలో కలిసిన ఈటా కప్పా నూ ఉంది. రెండూ మంచివే. వాటిలో ఎలాగూ నలుగురు మనవాళ్లు ఉంటారు కాబట్టి, అన్ని శాఖలవాళ్లనూ కలిపే ఫై కప్పా ఫైకి పిలుపు వస్తే అటు వెళ్లండి. 1897లో మెయిన్ యూనివర్సిటీలో అది పుట్టింది. వ్యవసాయం చదివేవాడినీ ఇంజనీరింగ్ చదివేవాడినీ సాహిత్యం చదివేవాడినీ ఒకే వరసలో కూర్చోబెట్టాలన్నది దాని మొదటి నుంచీ ఉన్న పట్టుదల. దాన్ని తలపెట్టిన మార్కస్ యురాన్ అప్పటికి విద్యార్థి. ఆ తర్వాత లాయరయ్యాడు, క్రాన్‌బెర్రీ తోటలు పెంచాడు, 1930లో ఓషన్ స్ప్రే అనే రైతు సహకార సంస్థను నిలబెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. చదువును శాఖలుగా చీల్చి చూడనివాడు పొలంలోనూ రైతులను ఒక్కచోటికి తెచ్చాడు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

అక్కడికి వెళ్లాక మొదటి నెల నోరు పెగలదు. వాళ్ల పుస్తకాలు, వాళ్ల ఆటలు, వాళ్ల జోకులు ఏవీ మనవి కావు. అయినా వెళ్తూనే ఉండండి.

మీకు బి వచ్చిన సబ్జెక్టు చెప్పండి

చాలా చాప్టర్ల ప్రధానమైన పని ఉచితంగా పాఠాలు చెప్పడం. వారానికి రెండు మూడు సాయంత్రాలు ఒక గది తెరిచి పెడతారు. మొదటి, రెండో ఏడాది పిల్లలు హోమ్‌వర్కు పట్టుకుని వస్తారు. ఎవరు ఏ సబ్జెక్టు చెబుతారో రాయమని ఒక కాగితం తిప్పుతారు. అందరూ ఎ వచ్చిన సబ్జెక్టుల ఎదురుగా పేరు రాస్తారు, అదే సబబు అనుకుంటారు.

మీరు బి వచ్చిన సబ్జెక్టు ఎదురుగా రాయండి. తేలిగ్గా ఎ వచ్చినవాడికి ఆ పాఠం ఎక్కడ కష్టమో గుర్తుండదు. "ఇది స్పష్టంగానే ఉంది కదా" అంటాడు, ఎదుటి పిల్లవాడి మొహం వాడిపోతుంది. బి వచ్చినవాడికి ప్రతి గుంటా తెలుసు. రికర్షన్‌లో ఫంక్షన్ తనను తానే పిలిచినప్పుడు పాత విలువలు ఎక్కడికి పోతాయన్న ప్రశ్న మిమ్మల్ని ఒక రాత్రంతా తిప్పి ఉంటే, ఆ ప్రశ్నతో వచ్చిన అమ్మాయికి మీకంటే మంచి గురువు ఆ భవనంలో లేరు. స్టాటిక్స్‌లో వస్తువును చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి బలాలన్నీ గీయడం దగ్గర మీరు తడబడి ఉంటే, తడబాటు ఏ బాణం దగ్గర మొదలవుతుందో మీకు తెలుసు. తప్పు చెబుతానేమోనని భయపడకండి. తెలియకపోతే తెలియదని చెప్పి ఇద్దరూ కలిసి పుస్తకం తెరవండి. ఆ పిల్లలకు కావలసింది పక్కన కూర్చునే మనిషి.

ఇంగ్లీషు గురించి దిగులు వద్దు. మన ఉచ్చారణ వాళ్లకు మొదట రెండు మూడు సార్లు అర్థం కాదు. మార్కర్ తీసుకుని బోర్డు మీద బొమ్మ గీయండి. బొమ్మకు ఉచ్చారణ ఉండదు. సెమిస్టర్ చివరికి వాళ్లు మీ మాటకు అలవాటు పడతారు, మీరు వాళ్ల వేగానికి అలవాటు పడతారు. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఇంతకంటే మంచి శిక్షణ డబ్బు పోసినా దొరకదు. అయితే ఇంటర్వ్యూ కోసమని వెళ్లకండి. వెళితే బోర్డు దగ్గర నిలబడి గడియారం చూస్తారు.

నేను ఈ గది గురించి ఇంతసేపు చెప్పడానికి కారణముంది. విజయవాడలోనో హైదరాబాదులోనో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలు రెండేళ్లు ర్యాంకు తప్ప మరో మాట వినలేదు. వారం వారం పరీక్ష, గోడ మీద జాబితా, సెక్షన్ మారడం, చివరికి రోడ్డు మీద ఫ్లెక్సీలో ఫొటో. ఆ చదువులో పక్కవాడికి లెక్క చెప్పడమంటే ఒక స్థానం వదులుకోవడం. అలా పెరిగిన పిల్లవాడు ఒక సాయంత్రం ఎవరో తెలియని అమెరికన్ కుర్రాడికి గంటసేపు లింక్డ్ లిస్ట్ చెప్పి, అతను "ఓ, ఇంతేనా!" అన్న క్షణంలో పడే ఆనందం నేను కళ్లారా చూశాను. తన తెలివి ఇంకొకరి మీద గెలవడానికే కాదు, ఇంకొకరికి పనికి రావడానికి కూడా అని అతనికి అప్పటిదాకా ఎవరూ చూపించలేదు. నాకు తెలిసినంతలో ఆనర్ సొసైటీ సభ్యత్వంలో ఇంతకు మించిన ప్రయోజనం లేదు. ఇది ప్రయోజనాల పేజీలో ఉండదు.

రెజ్యూమెలో రాయకండి

కనీసం మొదటి ఏడాది రాయకండి. 'సభ్యుడు, ఫలానా సొసైటీ' అన్న లైను చదివి ఉద్యోగమిచ్చిన మేనేజర్ నాకు తారసపడలేదు. ఆ పేరు తర్వాత ఒక క్రియ రాయగలిగిన రోజున రాయండి: నడిపాను, చెప్పాను, కట్టాను, లెక్క చూశాను. క్రియ లేని సభ్యత్వం కాగితం మీద చోటు వృథా.

డబ్బు లాభం గురించి ఎవరైనా గట్టిగా చెబితే ఒక సంగతి తెలుసుకుని ఉండండి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ కొలువుల్లో గుర్తింపు పొందిన జాతీయ ఆనర్ సొసైటీ సభ్యత్వం ఉంటే, డిగ్రీ పూర్తయిన అభ్యర్థి జీఎస్-5 అనే జీతాల మెట్టు బదులు దానికి పైనున్న జీఎస్-7లో చేరే అర్హత పొందవచ్చు. చూడటానికి పెద్ద లాభమే. కానీ అదే అర్హత మొత్తం మీద 3.0 జీపీఏ ఉన్నా, మేజర్‌లో 3.5 ఉన్నా, తరగతిలో పై మూడో వంతులో ఉన్నా వస్తుంది. సొసైటీ పిలుపు అందుకునే స్థాయి విద్యార్థికి ఆ జీపీఏ ఎలాగూ ఉంటుంది. పైగా ఫెడరల్ ఉద్యోగాలు దాదాపు అన్నీ పౌరులకే కాబట్టి ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లకు ఇది అక్కరకు రాదు. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకూ ఇది విడిగా ఏమీ కలపదు.

ఒక్కచోట మాత్రం ప్రయోజనాల పేజీ తెరవమంటాను. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి పెద్ద యూనివర్సిటీకి మారాలనుకునే పిల్లలకు ఫై తీటా కప్పా ఉంది. 1918లో మిస్సోరీలో పుట్టిన సొసైటీ అది. దాని సభ్యుల కోసమే ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్పులు కేటాయించిన యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ఖర్చుకు భయపడి కమ్యూనిటీ కాలేజీలో చేరిన ఇంట్లో ఆ సొమ్ము చదువు సాగడానికీ ఆగడానికీ మధ్య ఉంటుంది. వాళ్లు పేజీ తెరవాలి, ప్రతి గడువు తేదీ రాసుకోవాలి, సిగ్గుపడకుండా అన్నిటికీ అప్లై చేయాలి.

అధ్యక్ష పదవి వద్దు, కోశాధికారి పదవి అడగండి

అధ్యక్షుడికి ఫొటో ఉంటుంది. కోశాధికారికి పని ఉంటుంది. కొత్త సభ్యుల ఫీజులు వసూలు చేయడం, జాతీయ కార్యాలయానికి వాటా పంపడం, విద్యార్థి ప్రభుత్వం దగ్గర నిధులకు అర్జీ పెట్టడం, సమావేశానికి తెప్పించిన పిజ్జాల రసీదులు దాచడం. ఏడాది చివర ఒక్క డాలరు తేడా వచ్చినా సమాధానం చెప్పాల్సింది మీరే. జీతం లేని విద్యార్థి పదవే కాబట్టి వీసాకు మామూలుగా అడ్డు రాదు, అనుమానముంటే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి మొదలుపెట్టండి. ఇంకొకరి డబ్బుకు లెక్క చెప్పడం ఇరవై రెండేళ్లకే నేర్చుకున్నవాడు ఆ తర్వాత ఎక్కడైనా బతుకుతాడు.

ఎన్నిక సమావేశంలో మొండిగా వాదించండి

మీరు సభ్యులయ్యాక తర్వాతి బ్యాచిని ఎన్నుకునే ఓటు మీకూ వస్తుంది. ఆ రోజు అందరికీ ఇంటికి వెళ్లే తొందర. అధ్యక్షుడు జాబితా చదువుతాడు, చేతులు లేస్తాయి, అయిపోతుంది. మీరు సభ ఆపండి. గీతకు దగ్గర్లో ఉన్న పేరు మీద, సేవా గంటలు రెండు తక్కువైన పేరు మీద, ఎవరికీ పరిచయం లేని నిశ్శబ్దమైన పేరు మీద లేచి మాట్లాడండి. సాయంత్రాలు డైనింగ్ హాల్లో పని చేసుకునే పిల్లకు సేవా గంటలు ఎలా నిండుతాయో అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఈ సొసైటీల తలుపులు వాటంతటవి తెరుచుకోలేదు. ఫై బీటా కప్పాలోకి మొదటిసారి స్త్రీలను ఎన్నుకున్నది 1875లో, వెర్మాంట్ యూనివర్సిటీ చాప్టర్. అప్పటికి సొసైటీ పుట్టి 99 ఏళ్లు. రెండేళ్లకు అదే చాప్టర్ జార్జ్ వాషింగ్టన్ హెండర్సన్‌ను ఎన్నుకుంది. ఆయన వర్జీనియాలో బానిసగా పుట్టినవాడు. టౌ బీటా పై స్త్రీలను పూర్తి సభ్యులుగా చేర్చుకున్నది 1969లో. అప్పటిదాకా మార్కుల్లో ముందున్న అమ్మాయిలకు సభ్యత్వం బదులు విడిగా ఒక బ్యాడ్జీ ఇచ్చేవారు. ఆ చాప్టర్లలో ఆ రోజుల్లో ఎవరో ఒకరు లేచి సభ ఆపి ఉంటారు. తెలుగు అమ్మాయి పేరు సభ్యుల పుస్తకంలో ఈనాడు మామూలుగా కనిపిస్తోందంటే, ఓటున్నవాళ్లు దాన్ని వాడబట్టే.

పిలుపు రాకపోయినా వెళ్లండి

జీపీఏ కొద్దిలో తప్పిపోయిందా? ఆ సాయంత్రం పాఠాల గదికి వెళ్లి కుర్చీలు సర్దండి, పిల్లలకు చెప్పండి. సభ్యత్వ కార్డు చూపమని ఆ గదిలో ఎవరూ అడగరు. బహిరంగ ఉపన్యాసాలకు వెళ్లి ముందు వరసలో కూర్చోండి. తర్వాతి సెమిస్టర్‌లో పిలుపు వస్తే సరే, రాకపోయినా మీరు చేసిన పని ఎక్కడికీ పోదు.

మీ కాలేజీలో అసలు చాప్టరే లేకపోవచ్చు. ఫై బీటా కప్పా చాప్టర్ అమెరికాలో పది కాలేజీల్లో దాదాపు ఒకదానికే ఉంది. కొత్త చాప్టర్లను మూడేళ్లకోసారి జరిగే మహాసభలో ఆమోదిస్తారు. అంటే ఈరోజు మీరు ప్రొఫెసర్లను కదిలించి దరఖాస్తుకు పునాది వేస్తే, ఫలితం వచ్చేసరికి మీరు పట్టా తీసుకుని వెళ్లిపోయి ఉంటారు. అయినా మొదలుపెట్టండి.

తెల్లవారుజామున అమ్మానాన్నలను లేపండి

చేరే రోజు చిన్న సభ ఉంటుంది. పుస్తకంలో సంతకం చేయిస్తారు, ప్రతిజ్ఞ చదివిస్తారు, చేయి కలుపుతారు. అసైన్‌మెంట్ ఉందని, సర్టిఫికెట్ పోస్టులో వస్తుంది కదా అని ఎగ్గొట్టేవాళ్లు సగం మంది. అసైన్‌మెంట్ ఆలస్యమైతే పోయే మార్కులు పోనివ్వండి, సభకు వెళ్లండి. ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుని వెళ్లండి.

అమెరికా తూర్పు తీరంలో ఏప్రిల్ సాయంత్రం ఆరంటే మనకు తెల్లవారుజామున మూడున్నర. పాపం నిద్రపోతున్నారని ఊరుకోకండి. ఫోను చేసి లేపండి, వీడియోలో చూపించండి. ఎడ్యుకేషన్ లోను మీద సంతకం పెట్టిన చేతులవి. వాళ్లకు గ్రీకు అక్షరాల పేరు పలకడం రాదు, రానక్కర్లేదు. ర్యాంకు ఎంత అని అడిగితే, ఇక్కడ ర్యాంకు లేదు, పని ఉంది అని చెప్పండి. ఏం పని అని అడుగుతారు. సావకాశంగా చెప్పండి.

ఫీజు గురించి

డబ్బు సర్దలేక పిలుపు వదులుకునే పిల్లలు ప్రతి చోటా ఉంటారు, బయటికి చెప్పరు. ఫీజు చర్చకు రాని విషయమని అనుకోకండి. చాలా చాప్టర్ల దగ్గర చిన్న నిధి ఉంటుంది, కొన్నిచోట్ల డిపార్ట్‌మెంటే కడుతుంది, వాయిదాకు ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. అడ్వైజర్ ప్రొఫెసర్‌కు రెండు వాక్యాల మెయిల్ రాయండి: చేరాలని ఉంది, ఫీజుకు ఈ నెల ఇబ్బందిగా ఉంది, ఏదైనా దారి ఉందా అని. సంజాయిషీలు, క్షమాపణలు ఏవీ రాయకండి. మీకు ఆ ఇబ్బంది లేకపోతే, మీరు కట్టే రోజున కోశాధికారిని పక్కకు పిలిచి, కట్టలేక ఆగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. పేరు అడగకండి. ఇంకొక ఫీజు కూడా కట్టి రండి.